దివాకర్ పేరున అడుగులు

తుని దాటాక రహదారి మీద నీడ పలచబడింది. నడక వెనకే వచ్చే కాపలా బండిలో ఇందుమతి తెర మీద వేలు జరిపి మరో గొడుగుపిట్టల గుంపును లేపింది. అవి లోహపు రెక్కలు విప్పుకుని, నడిచే జనం నెత్తిన ఎండను అడ్డుకున్నాయి.

ఇచ్ఛాపురం నుంచి రాజధానికి నడుస్తున్న ఆ జనం అడిగేది ఒకటే: సింహాద్రిని ఉరితీయొద్దు, ఇక ఎవరినీ ఉరితీయొద్దు. కాలినడకన వచ్చిన అర్జీనే క్షమాభిక్షలు తేల్చే కారుణ్యయంత్రం వింటుంది. సంతకాలు ఎవరైనా పుట్టించగలరు, అరికాళ్ల బొబ్బలు పుట్టించలేరు అనుకున్నారు ఆ చట్టం చేసినవాళ్లు. అందుకే దారి పొడవునా అడుగుసాక్ష్యం నమోదవుతుంది. ఆ నమోదు చూడడం, వడదెబ్బకు ఎవరూ పడిపోకుండా కాయడం ఇందుమతి ఉద్యోగం.

ముందు వరసలో సింహాద్రి అక్క పైడితల్లి. ఎవరో ఆమెకు మజ్జిగ అందించారు. ఇంకెవరో సంచి మోస్తున్నారు. ఇందుమతి ఆ దృశ్యాన్ని పెద్దది చేసి చూసింది.

నిరుడు ఇందుమతి తమ్ముడు దివాకర్‌ను ఉరితీశారు. సింహాద్రిలాగే అతనూ తాగిన గొడవలో ఒకణ్ణి చంపాడు. అతని కోసం ఇందుమతి ఊరూరా తిరిగి పిలిస్తే జనం తలుపులు వేసుకున్నారు. ఒంటరిగా బయల్దేరింది. ఒక్కరి నడక సాక్ష్యం కాదని యంత్రం మొదటి మజిలీలోనే తిప్పి పంపింది.

పైడితల్లి మీది పిట్టను ఆమె పక్కకు జరిపింది. ఎండ నేరుగా ఆ ముఖం మీద పడింది. పక్కన నడుస్తున్న ముసలామె తన కొంగు తీసి పైడితల్లి తలకు పట్టింది. అది చూసి ఇందుమతికి మరింత ఒళ్లు మండింది.

మధ్యాహ్నం మజిలీలో నీళ్లు సరిచూసే పని మీద బండి దిగి వెళ్లింది. పైడితల్లి తొట్టిలో పాదాలు నానబెట్టుకుని కూర్చుని ఉంది.

"మీ తమ్ముడు అదృష్టవంతుడండి," అంది ఇందుమతి.

"ఉరికంబం ఎక్కబోయేవోడికి అదృష్టమేటమ్మా?"

"ఇంతమంది ఉన్నారు కదా. మా దివాకర్‌కి ఒక్కరూ రాలేదు."

పైడితల్లి ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు మా ఊరొచ్చినావు. నాను ఇంట్లోనే ఉన్నాను. మనిసిని సంపినోడి కోసం నడిసేదేటి అని తలుపేసినాను. ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?"

"ఈ పూట నడక మా వాడి పేరున కావాలి." ఆ మాట తన నోట వచ్చినందుకు ఇందుమతే తెల్లబోయింది. "వాడు లేడని తెలుసు. అయినా కావాలి."

"ఈ పూటది మావోడికి రాదన్నమాట."

"రాదు."

పైడితల్లి తడికాళ్లతోనే లేచి నిలబడి జనంతో చెప్పింది. కొందరు గొణిగారు. కానీ బయల్దేరినప్పుడు వినిపించిన పేరు దివాకర్‌ది.

ఇందుమతి తన కుర్చీకి తిరిగొచ్చి ఆ పేరు నమోదు చేసింది.

"అర్జీలోని వ్యక్తి జీవించి లేడు," అంది యంత్రం. "కొట్టివేయమంటారా?"

"వద్దు."

"క్షమిస్తే విడుదల చేయడానికి మనిషి లేడు. నిరాకరిస్తే శిక్షించడానికీ లేడు. ఏ తీర్పూ అమలు కాదు."

"అయితే విచారణలో ఉంచు."

సాక్ష్యమున్న అర్జీ ఒక్కటి తేలకుండా ఉన్నా రాష్ట్రంలో ఏ ఉరీ అమలు చేయకూడదు. అది చట్టం. తేలడానికి వీల్లేని అర్జీ వస్తుందని మాత్రం ఎవరూ ఊహించలేదు.

పై అధికారి వరప్రసాద్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఇందుమతీ, ఉరిగదులన్నిటికీ తాళాలు పడ్డాయి. ఆ అర్జీ వెనక్కి తీసుకో."

"జనం నడుస్తున్నారు సార్. ఎలా తీసుకోను?"

"నీ తమ్ముడెలాగూ తిరిగి రాడు. బతికేది ఆ సింహాద్రి. తెలుస్తోందా?"

"తెలుసండి."

తెలుసు. పైడితల్లికి తమ్ముడు మిగులుతాడు. ఆ తలపుకి ఇందుమతి గుండె ఇంకా రగులుతూనే ఉంది. ఫోన్ పెట్టేసి, కుర్చీ ఖాళీ చేసి రహదారి మీదికి దిగింది. జనం ఆమె తమ్ముడి పేరు పిలుస్తూ అప్పటికే కొంత ముందుకు పోయారు. వాళ్లను అందుకోవడానికి పరుగెత్తింది.