ఎల్ బోర్డు బండి

మాస్టారు హెడ్‌లైట్లు ఆర్పేస్తాడు.

చీకటి సందు. అద్దానికీ గోడకీ మధ్య జానెడు చోటు కూడా లేదు. మూడో గేరు... రెండు... కుడికి!

సైరన్ మెయిన్ రోడ్డు మీద తిన్నగా వెళ్ళిపోతుంది.

"చెప్పానా?" వెనక సీట్లో ఒదిగి కూర్చున్న బొంగురు నవ్వుతాడు. ఆ గొంతు వల్లే వాడికా పేరు. "ఎల్ బోర్డు బండిని ఎవడూ అనుమానించడు."

వాడి పక్కన మాస్టారి తమ్ముడు. జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని కూర్చున్నాడు. నవ్వడు.

మాస్టారు ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. ఒకప్పుడు బొంగురు ముఠాకి బండి నడిపేవాడు. దొంగతనం వాళ్ళది, తప్పించడం ఇతనిది. చివరికి తనే తప్పించుకోలేక తొమ్మిదేళ్ళు జైల్లో ఉన్నాడు. లోపలికి వెళ్ళినప్పుడు తమ్ముడికి పదమూడేళ్ళు. బయటికొచ్చేసరికి వాడు బొంగురు మనిషి.

ఆ తప్పు తనదేనని మాస్టారికి తెలుసు. తెలిసిన దగ్గర్నుంచి కంటినిండా నిద్ర లేదు.

అందుకే ఈ ఆఖరి పని. నగల షాపులోంచి తెచ్చిన సంచీతో బండి ఊరు దాటాలి. బదులుగా తమ్ముణ్ణి వదిలేస్తానని బొంగురు మాటిచ్చాడు.

దొంగ మాటే. కానీ ఇంకో దారి దొరకలేదు.

వెనక సంచీ జిప్పు తెరిచిన చప్పుడు...

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఆపు."

బండి ఆగుతుంది. బొంగురు సంచీ తిరగేస్తాడు. పెట్టెలు పడతాయి. మూతలు తెరుచుకుంటాయి. అన్నీ ఖాళీ!

"చిన్నోడు సంచీ తెచ్చి బండిలో పడేశాడు. కాపలా ఉన్న నన్ను పిలవడానికి వెనక్కొచ్చాడు." బొంగురు ఒక్కో మాటా నములుతాడు. "ఆ రెండు నిమిషాలూ సంచీ దగ్గర ఎవడున్నాడు మాస్టారూ?"

మాస్టారి మెడ మీద చల్లగా ఏదో ఆనుతుంది. తుపాకి.

"నేనున్నా."

"మరి సరుకు ఎవడు తీశాడు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు... అద్దంలో తమ్ముడి చెయ్యి జాకెట్ మీదికి పోతుంది. పొట్ట దగ్గర ఒకసారి నొక్కి చూసుకుని, దిగిపోతుంది.

బొంగురు చూడలేదు. వాడి చూపంతా మాస్టారి మెడ మీదే ఉంది.

మాస్టారు చూశాడు.

ఒరేయ్... ఎంత పని చేశావురా?

బొంగురు చూస్తే ఇక్కడే, ఈ సందులోనే, తమ్ముడి పని సరి. ఆలోచించడానికి టైము లేదు.

"నేనే తీశా," అంటాడు మాస్టారు.

"ఎక్కడ పెట్టావ్?"

"వాణ్ణి ఇక్కడ దించెయ్. చూపిస్తా."

"తెలివి!" బొంగురు తుపాకితో మెడ మీద పొడుస్తాడు. "నువ్వు పక్క సీట్లోకి జరుగు. చిన్నోడా, నువ్వు నడుపు. క్వారీకి పోనీ. అక్కడైతే అరిచినా ఎవడూ వినడు."

మాస్టారు పక్క సీట్లోకి జరుగుతాడు.

ఆరేళ్ళుగా రోజూ కూర్చునే సీటు. కాలు దానంతటదే ముందుకి జారుతుంది. బూటు కింద రబ్బరు తగులుతుంది.

బ్రేకు.

నేర్పే బండికి పక్క సీటు దగ్గరా ఒక బ్రేకు ఉంటుంది. ఈ సంగతి డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. ఈ ముఠాలో లైసెన్సు ఉన్నవాడే లేడు. డ్రైవింగ్ స్కూల్ గడప తొక్కినవాడూ లేడు.

"బెల్టు పెట్టుకోరా," అంటాడు తమ్ముడితో, తనది బిగించుకుంటూ.

బొంగురుకి నవ్వాగదు. "పెట్టుకోరా చిన్నోడా. మీ అన్న చెప్పే ఆఖరి పాఠం."

తమ్ముడు పెట్టుకుంటాడు. బండి కదులుతుంది.

నలభై... అరవై...

బైపాస్ రోడ్డు. పక్కన పొడుగ్గా సిమెంటు గోడ. మళ్ళీ సైరన్! దూరంగానే ఉంది, కానీ ఇటే వస్తోంది.

మాస్టారు తమ్ముడి వైపు చూస్తాడు. ఒక్క మాట అంటే చాలు... 'అన్నయ్య తియ్యలేదు' అని ఒక్క మాట. వాడు తేలు కుట్టిన దొంగలా నోరు మెదపడు. రోడ్డు తప్ప ఇంకేం చూడడు.

భయమా? భయమే అయ్యుంటుంది. పాపం, చిన్నవాడు. మాస్టారు తనకి తనే చెప్పుకుంటాడు. మనసు మాత్రం ఒప్పుకోదు.

ఎనభై.

"క్వారీ దాకా ఎందుకులే." బొంగురు రెండు సీట్ల మధ్యకి వంగుతాడు. తుపాకి మాస్టారి కణత మీదికి వస్తుంది. "మూడు లెక్కపెడతా. ఒకటి..."

మాస్టారు బ్రేకు తొక్కుతాడు!

టైర్లు కీచుమంటాయి. బొంగురు గాల్లోకి లేచి తలతో డాష్‌బోర్డుని గుద్దుకుంటాడు. బండి గిర్రున జారి, డ్రైవర్ వైపు తలుపుతో సహా గోడకి అతుక్కుని ఆగుతుంది.

బొంగురు సీట్ల మధ్య ఇరుక్కుపోయాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఒరేయ్, దెబ్బ తగిలిందా?"

తమ్ముడు తల అడ్డంగా ఊపుతాడు. వాడి జాకెట్ జిప్పు ఊడింది. గొలుసులు జారి ఒళ్ళో పడుతున్నాయి. ఒక చేత్తో వాటిని లోపలికి తోసుకుంటూ, రెండో చెయ్యి కిందికి చాపి తుపాకి తీస్తాడు.

"అది బయట పారెయ్. సరుకిచ్చేద్దాం. నిన్ను బలవంతంగా తెచ్చారని నేను చెప్తా."

"నువ్వు దిగు అన్నయ్యా."

తుపాకి మాస్టారి వైపు తిరుగుతుంది.

"నన్ను చంపేవాడురా వాడు."

"తెలుసు." వాడి గొంతులో వణుకు లేదు. "వాడు నిన్నే అనుమానిస్తాడని తెలుసు."

అప్పుడు అర్థమవుతుంది మాస్టారికి. సంచీ ముందే ఖాళీ చేసి, రెండు నిమిషాలు దాని దగ్గర తనని తమ్ముడు ఒంటరిగా ఎందుకు వదిలాడో... మొత్తం అర్థమవుతుంది.

సైరన్ దగ్గరపడుతోంది.

తమ్ముడు తాళం తిప్పి యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఇంజన్ అరుస్తుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. మళ్ళీ తిప్పుతాడు. మళ్ళీ ఆగిపోతుంది. వాడి కళ్ళు మాస్టారి కాళ్ళ దగ్గరికి దిగుతాయి.

"అక్కడా బ్రేకుందా?"

"ఉంది."

"కాలు తియ్యి."

"తియ్యను. తొమ్మిదేళ్ళు నీ పక్కన లేను. ఇప్పుడున్నా."

తమ్ముడి పక్క తలుపుకి గోడ అడ్డం. ఇటు పక్క అన్నయ్య. తుపాకి గుండెల మీంచి నెమ్మదిగా కిందికి, మోకాలి మీదికి దిగుతుంది.

"చివరిసారి చెప్తున్నా అన్నయ్యా..."

ఢాం!

కళ్ళ ముందు తెల్లగా అయిపోతుంది. కుడికాలు తనది కానట్టు పక్కకి పడిపోతుంది. తమ్ముడు మళ్ళీ తాళం తిప్పుతాడు. బండి ముందుకి ఒక్క గెంతు గెంతుతుంది.

వెనక అద్దంలో ఎర్రలైటు తిరుగుతోంది. వంద గజాలు కూడా లేదు.

మాస్టారు పళ్ళు బిగించి, ఎడమకాలు ఎత్తి బ్రేకు మీద పెడతాడు.