మూడో పిలుపు

కోర్టు పక్కనే ఉన్న మా వకీలుగారి ఆఫీసులో వెనక గది ఒకటుంది. చీకటి పడ్డాక ఆ గదిలో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు.

పిలవాల్సొస్తే చిటికేస్తారు. లేదంటే "ఇదిగో" అంటారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్పి పెడతారు — లైట్లు తీసేశాక ఆ గుమ్మంలో నిలబడి ఎవరి పేరైనా మూడుసార్లు పిలిస్తే, లోపల్నుంచి జవాబొస్తుందని.

"ఉన్నానయ్యా..." అని.

అది పాత కేసుల కట్టలు పెట్టే గది. ఉన్నది ఒక్క కిటికీ, దానికీ బీరువా అడ్డం. నేల నుంచి పైకప్పు దాకా కట్టలే. కట్టల మధ్యలో ఒక చెక్క స్టూలు. దాని మీద ఎవరూ కూర్చోరు, దాన్ని ఎవరూ జరపరు. ఊడ్చే మనిషి కూడా చుట్టూ ఊడ్చుకుని వచ్చేస్తుంది.

ఆ కట్టల మనిషిని నేనే. ముప్పై ఎనిమిదేళ్ళు చేశాను. పెద్ద చదువు లేదు నాకు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే నాకు వారం పట్టింది. కానీ నేను కట్టిన కట్ట చెదిరిందని ఒక్క జడ్జీ కూడా అనలేదు. నా ముడి వేరు. సరైన కొస లాగితే ఒక్క గుంజుకి విడిపోతుంది, తప్పు కొస లాగితే ఇంకా బిగుసుకుంటుంది. అందుకే ఆఫీసంతా నన్ను "ముడి తాత" అనేవాళ్ళు. నా అసలు పేరు అక్కడ ఎవరికీ తెలీదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆ గదికి చెడ్డపేరు ఎలా వచ్చిందంటే...

పన్నెండేళ్ళ కిందట బట్టలు కుట్టే ఒకావిడ మా పార్టీ, అంటే మేం కేసు నడిపే మనిషి. మరిదితో ఇంటి తగాదా. ఆ రోజు వాయిదా. మా సీనియరుగారు, అంటే మా వకీలుగారు, వేరే కోర్టులో ఉన్నారు. కోర్టు సంగతి తెలిసిందే కదా — గుమ్మంలో బంట్రోతు నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ పలక్కపోతే మనిషి రాలేదని రాసుకుని కేసు కొట్టేస్తారు. నువ్వు గోడ అవతల మంచినీళ్ళు తాగుతున్నా సరే, కొట్టేసినట్టే.

ఆవిడ పలకలేదు. కేసు పోయింది.

మర్నాడు పొద్దున వెనక గది తెరిస్తే — ఆవిడ ఆ స్టూలు మీదే ఉంది. ఒళ్ళో సంచి. వీపు వెనక కట్టలకి ఆనించి. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళు చల్లబడిపోయి ఉంది.

గుండె ఆగిందన్నారు. ఆ గదిలోకి ఎందుకెళ్ళిందో తెలీదన్నారు. ఎవరో జూనియరు కూర్చోమన్నాడని కొందరు, తనే చల్లగా ఉందని వెళ్ళి కూర్చుందని కొందరు. బయట గొళ్ళెం ఎవరో చూసుకోకుండా పెట్టారన్నారు. పదేళ్ళ కూతురు వచ్చి ఆ సంచి తీసుకెళ్ళింది.

ఆ తర్వాతే ఈ మాట పుట్టింది. పిలిస్తే పలుకుతుందని.

ఆవిడ పేరు నేనిక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇక ఈ పిల్ల సంగతి. లా చదువు ఆఖరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్ అని మా సీనియరుగారి దగ్గర చేరింది. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. తెలిసిన వకీలు ఒక్కడూ లేడు. నాలుగు ఆఫీసుల మెట్లెక్కి దిగి మా దగ్గర తేలింది. రెండో రోజే ఏం చేసిందో తెలుసా? నా కట్ట తీసుకుని, తప్పు కొస లాగి, అది బిగుసుకుంటే — కత్తెరేసింది.

కత్తెర! నా ముడికి!

పైగా అందరి ముందూ నవ్వుతూ, "ఇంత గట్టిగా బిగించారేంటి తాతగారూ? లోపల కేసేమన్నా పారిపోతుందా?" అంది. సీనియరుగారూ నవ్వారు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

మర్నాటి నుంచి ఆ పిల్ల చేత ఒక్కొక్క కట్టా ఇరవైసార్లు కట్టించాను. "సరిగ్గా... మళ్ళీ... సరిగ్గా." వేళ్ళు ఒరుసుకుపోయి తోలు లేచినా ఆపలేదు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగేవి గానీ కింద పడనిచ్చేది కాదు. అది కూడా నాకు ఒళ్ళు మంటే.

అలా ఉండగా ఒకరోజు ఒక నర్సు వచ్చింది. ఆ కుట్టే ఆవిడ కూతురు. పెద్దదైంది. "మా అమ్మ కోర్టుకి వెళ్ళకుండా ఉండే మనిషి కాదు సార్. ముందురోజు రాత్రే చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టుకుంది" అంది.

సీనియరుగారు ఇంటర్న్‌షిప్ పిల్లని పిలిచారు.

"ఆ పాత కట్ట వెతుకు. ఆవిడ ఆ రోజు ఎందుకు హాజరు కాలేదో కారణం కావాలి. గట్టి కారణం చూపిస్తే కేసు మళ్ళీ తెరిపించొచ్చు. రేపు పదింటికల్లా నా బల్ల మీద ఉంటే, చదువు అయ్యాక నా జూనియరువి నువ్వే. లేకపోతే నీ సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపో."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నేను మాత్రం లేచి మెట్ల కిందకెళ్ళి నా బీరువా తెరిచి చూసుకున్నాను.

సాయంత్రం దాకా వెతికింది. అందరూ వెళ్ళిపోయారు. తొమ్మిదింటికి నా దగ్గరకొచ్చి నిలబడింది.

"తాతగారూ, మీకు తెలియకుండా ఆ గదిలో చీమ కూడా దూరదంటారు. ఆ కట్ట ఎక్కడుంది?"

"పై అరలో. వెనక గోడ వైపు" అన్నాను. "వెళ్ళి చూసుకో. స్టూలు మాత్రం ఎక్కకు... తెలుసుగా?"

"అక్కడ కూర్చున్నావిడ నా పార్టీయే కదండీ ఇప్పుడు. నాకెందుకు భయం?" అంది. లోపలికి వెళ్ళింది.

కట్ట ఆ గదిలో లేదు. మెట్ల కింద నా బీరువాలో ఉంది. మళ్ళీ ఎవరూ విప్పకూడదని పన్నెండేళ్ళ కిందట నేనే అక్కడ దాచాను.

నేను వసారాలోకెళ్ళి మెయిన్ స్విచ్ తీసేశాను. ఆఫీసంతా చీకటి. చెప్పులు విడిచి, గోడ తడుముకుంటూ వెనక గది దాకా నడిచాను. గుమ్మం పక్కన నక్కాను. నా ఉద్దేశం ఒక్కటే — ఆ పిల్ల కెవ్వుమని అరిచి, ఏడుస్తూ మెట్లు దిగి పారిపోవాలి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు.

గొంతు మార్చాను. కోర్టు బంట్రోతు లాగా సాగదీసి... ఆ కుట్టే ఆవిడ పేరు పిలిచాను.

చప్పుడు లేదు.

రెండోసారి పిలిచాను.

లోపల స్టూలు కిర్రుమంది. నవ్వొచ్చింది నాకు. భయంతో తూలి దాని మీద పడింది, కూర్చో, బాగా కూర్చో అనుకున్నాను.

మూడోసారి పిలిచాను.

"ఉన్నానయ్యా..."

పళ్ళు కొరికాను. చూడండి పొగరు! నా వేషం నాకే వేస్తోంది!

"ఏం పిల్లా, నాతోనా ఆటలు?" అన్నాను, గుమ్మంలోకి అడుగేస్తూ.

"తాతగారూ... ఎవరితో మాట్లాడుతున్నారు?"

ఆ మాట నా వెనక నుంచి వచ్చింది.

తిరిగి చూశాను. ఆ పిల్ల మెట్ల దగ్గర నిలబడి ఉంది, ఒక చేతిలో ఫోను వెలుగు. రెండో చేతిలో కట్ట... ఆ కట్ట.

"కరెంటు పోక ముందే నిచ్చెన కోసం మెట్ల కిందకొచ్చాను. మీ బీరువాకి తాళంచెవి వేలాడుతోంది. దుమ్ముపట్టిన కట్ట ఒక్కటే ఉంది లోపల" అంది. తర్వాత మెల్లిగా, "కత్తెర వెయ్యలేదు తాతగారూ. సరైన కొసే లాగాను" అంది.

నేను ఆ మాట వింటున్నానో లేదో నాకే తెలీదు. ఎందుకంటే గదిలోంచి... మళ్ళీ...

"నువ్వే వచ్చి పిలుస్తానన్నావుగా. కదలొద్దన్నావు. కదల్లేదు. ఇంతసేపు చేశావేంటయ్యా?"

కోపం లేదు ఆ గొంతులో. అదే భయంకరం. బస్సు ఆలస్యమైతే అడిగినట్టు అడిగింది.

నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనే... నేనే కూర్చోమన్నాను. పేరు పిలిస్తే వచ్చి చెప్తానన్నాను. కోర్టు వసారాలో నిలబడి మూడు పిలుపులూ విన్నాను. రాలేదు నేను... సాయంత్రం గొళ్ళెం కూడా నేనే పెట్టాను. ఒక్క రాత్రి ఉంటే బుద్ధొస్తుందని..."

ఆ పిల్ల ఫోను వెలుగు నా మొహం మీదికి తిప్పింది. "ఎందుకు తాతగారూ?"

"సీనియరుగారి ముందు నన్ను అనింది! తేదీ తప్పు చెప్పానని. చదువు రానివాడి చేత తేదీలు రాయిస్తారేంటని... అందరి ముందూ!"

ఈ మాట ఇప్పుడు చెప్పినా నా చెవులు వేడెక్కుతాయి. అనకూడదు. ఆవిడ ఆ మాట అనకూడదు.

ఆ పిల్ల ఏం చేస్తుందనుకున్నారు? అరుస్తుందనుకున్నారా? మెట్టు మీద కూర్చుంది. ఫోను పక్కన పెట్టుకుని, తెల్లకాగితం తీసి, నేనన్నది మొత్తం రాసింది. ఒక్కచోట నేను మాట తడబడితే తల ఎత్తకుండా —

"సరిగ్గా" అంది. "మళ్ళీ చెప్పండి. సరిగ్గా."

నా మాటే. నా గొంతుతోనే అన్నట్టుంది.

"ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాను. నా వంకర అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ పిల్ల ఫోను దగ్గరగా పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది, పైకే. నా అసలు పేరు. ఇంటి పేరుతో సహా.

ఆ గుమ్మంలో నా పేరు మోగడం అదే మొదలు.

లోపల స్టూలు జరిగింది. ఎవరో లేచినట్టు. చీర దులుపుకున్నట్టు.

తర్వాత ఆ గొంతు బంట్రోతు లాగా సాగదీసి... నా పేరు పిలిచింది.

ఒక్కసారి.

ఆ పిల్ల తల కూడా తిప్పలేదు. కాగితం మడిచి కట్టలో పెట్టి, ముడి వేసింది. నా ముడే. నేను నేర్పిందే. వంక పెట్టడానికి చోటు లేకుండా వేసింది.

పొద్దున పదింటికి కట్ట బల్ల మీద ఉంది. సీనియరుగారు కాగితం చదివి నా వైపు చూళ్ళేదు. "తాళాలు అక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు, అంతే. ముప్పై ఎనిమిదేళ్ళకి ఒక్క మాట. కేసు మళ్ళీ తెరిచారు. ఆ పిల్ల ఇప్పుడు నల్లకోటు వేసుకుని అదే ఆఫీసులో కూర్చుంటోందట. వెనక గదిలో ఇప్పుడు రాత్రిళ్ళు కూడా పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారట. ఏమీ పలకడం లేదట.

పలకదు. అక్కడ లేదు కదా.

మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కోడలు మామయ్యా అంటుంది, మనవలు తాతా అంటారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం, అందరూ బయటికెళ్ళారు, నేను ఒక్కణ్ణే కుర్చీలో ఉన్నాను. వీధి తలుపు అవతల నుంచి...

ఇంటి పేరుతో సహా. రెండోసారి.

నేను పలకలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

మూడోది ఇంకా రాలేదు. దానికి "ఉన్నాను" అంటే ఏమవుతుందో నాకు తెలీదు. అనకపోతే ఏమవుతుందో మాత్రం — ముప్పై ఎనిమిదేళ్ళు కోర్టు వసారాలో నిలబడి చూశాను.