పేలిక కట్టిన సొరకాయ

సోమేనహళ్ళిలో అక్కయమ్మ ఇంటి పశువుల కొట్టం మీద కాసిన సొరకాయ అంతా ఇంతా కాదు. దాని నీడలో రెండెద్దుల బండి నిలిపేవాళ్లు. ఎద్దులు కూడా అక్కడే పడుకుని నెమరు వేసేవి. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు.

ఉన్నారు కదా? సరే.

ఆ మధ్యాహ్నం అక్కయమ్మ మనవరాలు, పదేళ్ల పుట్టమ్మ, కొట్టం గోడెక్కి ఆ కాయనే చూస్తోంది. యుద్ధం రోజులవి, సీమనూనె దొరకని ఏడు. వానలు వెనకపట్టాయి. ఎండలో మంట తగ్గింది. ఆరుబయట పడుకునేవాళ్లు మంచుకు జడిసి, చాపలు చుట్టుకుని లోపలికి వచ్చేశారు.

కాయ తొడిమకు ఎర్ర చీర పేలిక కట్టి ఉంది. అది విత్తనం కాయ అని గుర్తు. పేలిక కట్టిన కాయను ఆ ఊళ్లో దొంగ కూడా ముట్టడు.

సాయంత్రం బడిలో సరస్వతి పూజ, తర్వాత భోజనాలు. నరసింహయ్య మేష్ట్రు తలా ఒక కూరగాయ తెమ్మన్నాడు.

"మీ ఇంట్లో ఏముండాది? పిడికెడు మిరపకాయలు తెస్తావులే" అని తోటి బడిపిల్లాడు మునినారాయణ పొద్దున్నే వెక్కిరించాడు.

పుట్టమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కప్పు చివర తెల్ల పిల్లి ఒక్కటే కూర్చుని ఉంది. గబగబా పేలిక విప్పి, పక్కనున్న పిందెకు కట్టింది. పెద్ద కాయ తెంపి, చంకలో ఇరికించుకుని దిగింది.

బండికి నీడనిచ్చే కాయ చంకలో ఎలా పట్టిందంటారా? నిజమే. ఎద్దులను తోలేయండి. బండిని కూడా.

బడిలో వంట చేసే తిమ్మక్క కాయకు కత్తి పెట్టింది. దిగలేదు. కొడవలి తెచ్చి రెండు ముక్కలు చేసింది. లోపల అంతా బెండు. విత్తనాలు మాత్రం ఇంకా లేతగా, తెల్లగా ఉన్నాయి.

"కూరకు ముదురు, విత్తుకు లేత. దీన్ని ఎవురు కోసినారమ్మీ?" అంది తిమ్మక్క.

"ఎద్దుకేయండి!" అని మునినారాయణ అరిచాడు. అందరూ నవ్వారు.

ఇంటికి వచ్చేసరికి అక్కయమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. కింద నుంచి చూస్తే ఎర్ర పేలిక ఒక్కటే తెలుస్తుంది.

"రేపు కొండప్ప వస్తాడు. తీగ పీకేసి, కొట్టానికి కొత్త గడ్డి కప్పిస్తా. పేలిక కాయ దించి, కొన్నాళ్లు మాగేసి ఎండేసుకుంటే సరి. ఆ విత్తనం నా పుట్టినూరు కైవారంలో మాయమ్మ నా ఒడిలో పోసి పంపింది. ఇన్నేండ్లూ మొలక తప్పలేదు" అంది అవ్వ.

పుట్టమ్మ కొట్టం మీది పేలిక వైపు చూసింది. పిందెలో విత్తనం ఎక్కడిది? గడప దగ్గర తెల్ల పిల్లి ఆమెనే చూస్తోంది. రెప్ప వేయదు. చూస్తూనే ఉంది.

"అవ్వా, పేలిక నేను పిందెకు మార్చినా. పెద్ద కాయ బడికి ఎత్తుకుపోయినా."

చేట ఆగింది. అవ్వ తిట్టలేదు. అదే కష్టంగా ఉంది.

"పిందె ఎంత ఉండాది?"

"నా పిడికిలంత."

"అది ముదిరేలోపల తీగ ఎండిపోతాది. ఇంగ వానల్లేవు."

"తీగ పీకొద్దవ్వా. నీళ్లు నేను పోస్తా."

"కొత్త గడ్డి కప్పకుంటే కొట్టం కురవదా?"

"వానల్లేవంటివి కదా!"

అవ్వకు నవ్వొచ్చింది. "నోటికి మాత్రం ముదురే ఉండావు" అంది.

మర్నాడు కొండప్ప వచ్చినదారినే వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి గిన్నెలు కడిగిన నీళ్లన్నీ సొరపాదుకే. చలిగాలి తిరిగింది. ఆకులు పండి రాలాయి. రాగి కోతలు అయిపోయాయి. తీగలో ఒక్క పాయ మాత్రం పచ్చగా నిలిచింది. పుట్టమ్మ రోజూ గోడెక్కి కాయకు గోరు ఆనించి చూసేది. ఒకరోజు గోరు దిగలేదు.

అప్పుడే మునినారాయణ వచ్చి గోడ కింద నిలబడ్డాడు.

"ఆ కాయ నాకిస్తావా? ఎండినాక నడుముకు కట్టుకుని బాయిలో ఈదుకుంటా."

"పేలిక కనపళ్లేదా?"

"ఒక్క కాయే కదమ్మీ!"

"ఒక్కటే ఉండాది. అందుకే ఇయ్యను" అంది పుట్టమ్మ. పేలిక ముడిని ఇంకోసారి బిగించింది.

బండిని ముందే తోలించేశాను. ఇంకొకటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. ఆ తెల్ల పిల్లిని నేనే కల్పించాను. ఆ ఇంట్లో పిల్లే లేదు. కప్పు మీద గానీ, గడప దగ్గర గానీ, పుట్టమ్మను చూసినవాళ్లు ఎవరూ లేరు.