మారు వడ్డించిన పాపం

"నీ చేత్తో మారు వడ్డించి మరీ చంపావు కదే నా కొడుకుని!"

శవపేటిక పక్కన కూలబడి బసిలిసా గుండెలు బాదుకుంటోంది. శవం దగ్గర రాత్రి జాగారానికొచ్చి, అక్కడి ఆనవాయితీగా పేకాడుతున్న ఇరుగుపొరుగువాళ్లు ముక్కలు కింద పెట్టేశారు. కోడలు లియోనిలా తలెత్తలేదు… ఏ ముఖంతో ఎత్తుతుంది! ఆ ముసలామె పెద్దకొడుకులిద్దరూ ఇలాగే నిద్రలో పోయారు. కడుపునిండా తిని పడుకుంటే బంగుంగోట్ అనే పీడ వచ్చి గుండెల మీద కూర్చుని ఊపిరి తీస్తుందని పంగసినాన్ తీరమంతా నమ్మకం. అందుకే ఆ ఇంట్లో తిన్నాక గంటదాకా ఎవరూ నడుం వాల్చకూడదు. ఆ రోజు చేపల చెరువు నుంచి లియోనిలా మొగుడు క్రిసాంతో ఆకలి మీద వచ్చి, "పులుసు బాగుందే, ఇంకాస్త వెయ్యి" అన్నాడు. కట్టుకున్నవాడు నోరు తెరిచి అడిగితే ఏ ఆడది లేదంటుంది? వేసింది. మధ్యాహ్నం చాప మీద వాలినవాడు మళ్లీ లేవలేదు! వయసు ముప్పై నాలుగేళ్లు.

అత్త తిట్లు ఎలాగో భరించింది. తొమ్మిదేళ్ల కూతురు లిగాయా కంచం తోసేసినప్పుడు మాత్రం భరించలేకపోయింది.

"నాకొద్దు. నువ్వు పెడితే చచ్చిపోతారు."

ఆ సాయంత్రమే లియోనిలా శవపరీక్ష చేయించమంది. బసిలిసా పేటికకి అడ్డం పడింది.

"చచ్చినోణ్ణి మళ్లీ చంపుతావటే? కోయిస్తావా నా బిడ్డని?"

"నేను చంపానో లేదో నాకూ తెలియాలి అత్తయ్యా! చంపానంటే నన్ను కూడా ఆయన పక్కనే పాతెయ్యండి. లేదంటే… నా కూతుర్ని నాకిచ్చెయ్యండి!"

రెండు వారాల తర్వాత, శవపరీక్ష చేసిన డాక్టరమ్మ అత్తాకోడళ్లిద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "తిండికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. గుండె గోడ ఉండాల్సినదానికి రెండింతలు మందంగా ఉంది. వంశంలో వచ్చే జబ్బు. వాళ్లన్నలు కూడా దీంతోనే పోయుంటారు."

లియోనిలాకి ఒక్కసారి ఊపిరాడింది. దేవుడా, నేను కాదు… నేను కాదు! ఆ సంతోషం ఎంతసేపని? డాక్టరమ్మ తర్వాతి మాట, "పిల్లలున్నారా?"

లిగాయా గుండెని పరీక్ష చేశారు. దానికీ ఉంది! మాత్రలు వాడాలి, పరుగులు పెట్టకూడదు. చాలాకాలం బతకొచ్చు… కానీ మాట ఇవ్వలేనంది డాక్టరమ్మ.

ఆస్పత్రి మాటలు సగం సగం చెవినపడ్డాయేమో, ఇంటికొచ్చాక మూడు రోజులు పిల్ల కన్ను మూయలేదు. గోడకానుకుని, నిద్ర రాకుండా చేతులు గిల్లుకుంటూ కూర్చునేది. పసి చేతుల నిండా ఎర్రటి మచ్చలే!

"నాన్నకున్నదే నాకూ ఉందా నానమ్మా? పడుకుంటే నేనూ పోతానా?"

బసిలిసా పిల్ల చేతులు పట్టుకుంది. "మీ అమ్మ తప్పేం లేదే తల్లీ, అసలు నాన్న గుండె…"

లియోనిలా గబుక్కున అడ్డం వచ్చింది. "నాన్న గుండెకేం లేదమ్మా, భేషుగ్గా ఉంది. తప్పంతా నాదే. వద్దు వద్దంటున్నా వడ్డించాను. నీకు ఒంట్లో రక్తం తక్కువ, ఆ మాత్రలు అందుకే. నువ్వు కొంచెమే తిన్నావుగా? నీకేం కాదు. పడుకో బంగారం."

పిల్ల తల్లిని ద్వేషంగా చూసింది. ఆ చూపులో భయం లేదు! నానమ్మ ఒళ్లోకి పాకి, క్షణంలో నిద్రపోయింది.

ఒళ్లో పిల్ల కదలకుండా బసిలిసా చెయ్యి చాచి కోడలి పాదం పట్టుకుంది. "ఎంత పని చేశావే తల్లీ! దేవతలాంటిదానివి… నిన్ను పట్టుకుని ఎన్నెన్ని మాటలన్నానే!"

"అనండి అత్తయ్యా. రోజూ అనండి, దానికి వినబడేలా. మీరు ఆపేస్తే దానికి అనుమానం వస్తుంది."

లిగాయా లేచి కళ్లు నులుముకుంది. బసిలిసా అటు తిరిగి కన్నీళ్లు తుడుచుకుని, ఇటు తిరిగి కోడల్ని తిట్టింది.