ఏడు అనకూడని రాజ్యం

వజ్రకూటం రాజ్యంలో ఒక అంకెను నిషేధించారు. నవ్వకండి పిల్లలూ, నిజంగానే నిషేధించారు. ఆ అంకె పలికినా, గోడమీద గీసినా, ఇంట్లో వస్తువులైనా మనుషులైనా సరిగ్గా అన్నే ఉన్నా చెరసాలే. ఏ అంకె అంటారా? నేను ఆ రాజ్యంవాణ్ణి కాను కాబట్టి ధైర్యంగా చెబుతాను. ఏడు.

అక్కడి పాటగాళ్ళు సరిగమలు పాడుతూ "ద" దాకా వచ్చి, "ని"ని గుటుక్కున మింగేసేవారు. శనివారానికి "ఆదివారం ముందురోజు" అని పేరు పెట్టారు. ఇంద్రధనుస్సు పొడిస్తే తల్లులు పరుగున వచ్చి పిల్లల కళ్ళు మూసేవారు.

ఇంత వెర్రి ఎందుకు వచ్చిందో వినండి. యువరాజు ఉదయసేనుడు వేటలో కొండభూతం పెంచుకుంటున్న జింకపిల్లను కొట్టి చంపి, ఆ భూతం శాపంతో శిల అయిపోయాడు. వెంట ఉన్న తండ్రి ధీరసింహ మహారాజు విరుగుడు చెప్పమని అడిగాడు. భూతం "ఏడు" అని ఒక్క మాట అని గుహలోకి వెళ్ళిపోయింది. రాజు ఏడు ఏనుగులను పంపాడు, ఏడు వజ్రాలు పంపాడు, ఏడు యాగాలు చేయించాడు. శిల కదల్లేదు. చివరికి మంత్రి, "ప్రభూ, ఈ అంకే మనకు పగ. దీన్ని దేశంలో లేకుండా చేద్దాం" అన్నాడు. రాజు సరేనన్నాడు.

ఆ రాజ్యంలో ఒక రైతు ఇంట్లో ముత్యాలి అనే పిల్ల ఉండేది. అవ్వ, అయ్య, అమ్మ, ఇద్దరన్నలు, తాను. అవ్వకు చట్టం రాకముందునుంచే ఆ మాట గిట్టదు. కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు ఒకటికి బదులు "లాభం" అనేది. ఆరు తర్వాత "ఆరున్నొక్కటి" అనేది. ఎందుకని అడిగితే, "ధాన్యం ముందర ఆ మాటేంటే పిల్లా, శుభమా అని" అంటూ కసిరేది. ఇప్పుడు ఆరున్నొక్కటి కూడా నేరమే కాబట్టి నోరు మూసుకుని కొలిచేది.

ఇంతలో ముత్యాలికి చెల్లెలు పుట్టింది. పసిగుడ్డు కెవ్వుమనగానే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడింది. లెక్క చూసుకోండి, మీకే తెలుస్తుంది. మర్నాడే భటులు ఇంటింటా తలలు లెక్కపెడతారని చాటింపు వేశారు. అవ్వ చడీచప్పుడు లేకుండా మూట కట్టుకుంది.

"పండుటాకుని. నేనడివిలోకి పోతే మీరు నిమ్మళంగా ఉంటారు" అంది.

"నువ్వు గడప దాటొద్దవ్వా. నేను పోతా. ఆ భూతాన్నే అడిగి శాపం విడిపిస్తా" అంది ముత్యాలి.

"విడవకపోతే?"

"విడవకపోతే నేనిక ఇంటికి రాకూడదుగా" అంది. అనేసింది గానీ, వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి అవ్వను చూస్తూనే ఉంది.

అడవిలో వాగుమీది రాతివంతెనకు అడ్డంగా ఒక మహాసర్పం పడుకుని ఉంది. ఆరు పడగలు విప్పి, ఇంకో తలను బండకింద దాచుకుంది. చట్టం దాన్ని కూడా భయపెట్టింది మరి.

"నాకెన్ని తలలో చెప్పు. అబద్ధమాడితే మింగుతాను" అంది పాము.

ముత్యాలి వెనక్కి చూసింది. అడవి కాపలా భటులు చెట్లచాటునుంచి వస్తున్నారు. నిజం చెబితే వాళ్ళు పట్టుకుంటారు, చెప్పకపోతే ఇది మింగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బండకింద ఆ తల ఎగశ్వాస తీస్తున్న చప్పుడు వినిపించింది. పాపం అనిపించింది.

"ఏడు. కిందున్నదానికి ఊపిరాడుతోందా?" అంది.

దాచిన తల మెల్లగా బయటికి వచ్చింది. "ఇన్నాళ్ళకు నన్ను లెక్కలో కలిపావు తల్లీ" అంటూ కళ్ళు చికిలించింది. పాము ఆమెను వీపుమీద ఎక్కించుకుని వాగు దాటించింది. గట్టుమీద భటులు, "ఆ పిల్ల అంకె పలికింది, పట్టుకోండి" అని కేకలు పెడుతూనే ఉన్నారు. ఇక శాపం విడిపించకుండా వెనక్కి తిరిగే దారి లేదు.

గుహలో కొండభూతం చిన్న మువ్వలపట్టీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చెంపలమీద నీటి చారలు రాతిలో దిగినట్టున్నాయి.

"తాతా, నీకు కావలసిన ఏడూ ఏవి?" అంది ముత్యాలి.

"నేనేం అడిగాను? ఏనుగులు తోలారు, వజ్రాలు పోశారు. ఇది నా జింకపిల్ల పట్టీ. ఆనాడు దాన్ని ఒళ్ళో వేసుకుని నేను భోరుమంటుంటే మీ రాజు 'ఓస్, జింకపిల్లేగా' అన్నాడు. కొడుకు రాయైతేనన్నా తెలుస్తుందనుకున్నా. కంట చుక్క రాల్లేదు. అందుకే చెప్పా, ఏడు అని."

ముత్యాలికి అవ్వ కసురు గుర్తొచ్చింది. వడ్ల ముందు ఆ మాట అంటే వడ్లను ఏడవమన్నట్టని కదూ అవ్వ భయం. అంత చిన్న సంగతి సభలో ఒక్కరికీ తట్టలేదేం? ఎలా తడుతుంది? "ఏలినవారు దయచేయండి, ఆరగించండి" అనడమే గానీ, రాజును రా, తిను అన్నవాళ్ళు పుట్టలేదు. అలాంటిది ఆయన్ని పట్టుకుని ఏడు అంటే, అది అంకె కాక మరేమవుతుంది?

తిరిగొస్తూ వంతెన దాటగానే భటులు ఆమె చేతులు కట్టి సభకు తీసుకుపోయారు. సింహాసనం పక్కనే యువరాజు శిల ఉంది. మంత్రి జీవితాంతం చెరసాల అన్నాడు. తాను అనుకున్నది తప్పయితే ముత్యాలి అవ్వను మళ్ళీ చూడదు.

"ప్రభూ, భూతం చెప్పింది అంకె కాదు. ఏడు అంటే... ఏడవమని. మీ బాబుకోసం ఏడు అని" అంది.

"ఏలినవారిని ఏకవచనమా" అని మంత్రి లేచాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"రాజు ఏడిస్తే రాజ్యం బెదురుతుంది పిల్లా."

"ఇప్పటికే బెదిరి ఉంది ప్రభూ. చెల్లి పుడితే మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మా అవ్వ మూట కట్టుకుంది."

రాజు సింహాసనం దిగాడు. కొడుకువైపు తిరిగాడు. శిల వేళ్ళమధ్య సాలెగూడు పట్టి ఉంది. ఉత్తరీయంతో తుడవబోతే వేళ్ళు చల్లగా తగిలాయి. "చలేస్తోందా నాన్నా" అన్నాడు. అంతే, ఆ మాట పూర్తి కాకుండానే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నీళ్ళు పడినచోట రాయి మెత్తబడింది, పాదం కదిలింది, ఉదయసేనుడు ఊపిరి తీశాడు.

"నాన్నా, ఆ జింకపిల్ల..." అన్నాడు.

"దానికోసం కూడానురా" అన్నాడు రాజు.

ఆ పూటే చట్టం రద్దయింది. రాజు అర్ధరాజ్యం ఇస్తానంటే, "ముందు నన్నింటికి పంపండి ప్రభూ" అంది ముత్యాలి.

అవ్వ గడపమీదే ఉంది, మూట ఒళ్ళో ఉంది. మనవరాలిని చూడగానే లేచింది. మూట విప్పి చీర దండెంమీద వేసి, అందరికీ విస్తళ్ళు వెయ్యమంది.

"పాలు తాగే పిల్లకు విస్తరెందుకే అమ్మా?" అన్నాడు అయ్య.

"నోర్ముయ్. వెయ్యి" అంది అవ్వ.

వంగి ఒక్కో విస్తరినీ తాకుతూ లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు..." అని ఆగింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"ఏడు" అంది. తన మాట తానే విన్నట్టు, కొంగు నోట కుక్కుకుని ఏడ్చింది.

మన కథ కంచికని బయల్దేరి ఆ ఇంటి పంక్తిలోనే కూర్చుండిపోయింది. మీ అన్నమూ చల్లారుతోంది, లేవండి.