కప్పు వచ్చిన ఏడు పెళ్ళి

యోకాస్తా జట్టు మారిందని పేటంతా చెప్పుకుంటోంది. ఆ పుకారు పుట్టించింది దోన్యా ఎఫిహేనియా. ఆమె కళ్ళతో చూడలేదు, చేపలమ్మే ఆవిడ చూసిందట. రాజధాని సాంతో దొమింగో నుంచి వచ్చిన బస్సు దిగి, నెత్తిన ఆ రాజధాని జట్టు ఊదారంగు టోపీతో, పట్టపగలు, చెరకు మిల్లు గేటు ముందునుంచే నడిచొచ్చిందట. "మార్చడానికి మొగుడింకా లేడు గనక టోపీ మార్చింది పాపం," అని కూడా అన్నదట ఎఫిహేనియా.

ఆ మాట ఫ్రిజ్జులు బాగుచేసే విల్కిన్ చెవిన పడేటప్పటికి అతను దోన్ చేలో కొట్టులో బీరు ఫ్రిజ్జు వెనక దూరి, చెమటలు కక్కుతూ మోటారు విప్పుతున్నాడు. ఆగస్టు ఉక్క. బేస్‌బాల్ సీజన్‌కు ఇంకా రెండు నెలలుంది గానీ, కొట్టు ముందు డామినో బల్ల దగ్గర ఆ ఆట గురించిన కబుర్లు ఏనాడూ ఆగింది లేదు.

విల్కిన్‌కు అలసటగా ఉంది. కొన్నేళ్ళ కిందట, వాళ్ళ ఊరి పెలికన్ల జట్టు ఫైనలు చేరిన సంబరంలో, అదే బల్లెక్కి అరిచాడు: "మనకి కప్పొచ్చిన ఏడే యోకాస్తాకీ నాకూ పెళ్ళి!" పేటంతా ఈలలు వేసింది. మర్నాడు పెలికన్లు ఓడిపోయారు. మళ్ళీ ఫైనలు మొహం చూసింది లేదు. నోరు జారిన మాట మొక్కుబడై కూర్చుంది. అది తీరకుండా పెళ్ళాడితే జట్టుకు శని పడుతుందని పేట పెద్దల కట్టడి.

"విన్నావట్రా? మన ఒడాలిస్‌ను వేరే జట్టుకి ఇచ్చేశారు," అన్నాడు మంగలి తోన్యో, డామినో బిళ్ళ బల్లమీద చరుస్తూ.

"బదులు ఎవర్ని తెచ్చారు?"

"ముగ్గురు కుర్రాళ్ళని. ఒక్కడికీ మీసం రాలేదు."

"మంచి బేరమేలే," అన్నాడు విల్కిన్ ఫ్రిజ్జు వెనకనుంచి. మనసులో నమ్మకం లేకపోయినా నోటికి అలవాటు. "ఒడాలిస్ మోకాలు ఎప్పుడో పోయింది. ఈసారి మనకు లెయూరిస్ బంతులేస్తాడు. ఆ ఎడంచేతి వాటం ఎవడు కొడతాడో చూద్దాం."

"అమెరికానుంచి వస్తాడంటావా?"

"డిసెంబరుకి దిగిపోతాడు."

"పోయినేడూ డిసెంబరే అన్నావు," అంది వాకిట్లోంచి ఓ గొంతు.

యోకాస్తా. మందుల షాపు తెల్లకోటు మీద వాన చినుకులు. నెత్తిన ఊదారంగు టోపీ. ఎఫిహేనియా జన్మలో మొదటిసారి నిజం చెప్పింది.

డామినో బిళ్ళలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏంటమ్మాయ్ ఆ దరిద్రం?" అన్నాడు దోన్ చేలో. "మీ నాన్నే బతికుంటే ఇవాళ అన్నం ముట్టడు!"

"నాన్నే బతికుంటే నా పెళ్ళి చేసేవాడు, బాబాయ్. అర కిలో సలామీ, నాలుగు పచ్చరటికాయలూ ఇవ్వు."

విల్కిన్ ఒళ్ళంతా మసితో బయటికొచ్చాడు. "కోపముంటే నన్ను తిట్టు. మధ్యలో జట్టేం చేసింది?"

"కోపమెక్కడిది? లెక్క చూసుకున్నా. నువ్వు కప్పొచ్చాక పెళ్ళంటావు. వాళ్ళకైతే ఏడాది విడిచి ఏడాది వస్తోంది." సంచీలోంచి ఇంకో ఊదా టోపీ తీసి బల్లమీద పెట్టింది. "ఇది నీకు."

తోన్యో గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు.

"చచ్చినా పెట్టుకోను," అన్నాడు విల్కిన్.

"తెలుసు. పోనీ మన జట్టు సంగతే చెప్పు. లెయూరిస్ వస్తాడా?"

"వాడికి రావాలనే ఉంది. ఆ అమెరికా క్లబ్బువాళ్ళే, చెయ్యి అరిగిపోతుందని పంపరు."

"ఏటా మన జాబితాలో వాడి పేరుంటుంది కదూ?"

"ఉంటుంది."

"ఒక్క బంతన్నా వేశాడా మనకి?"

"ఇంకా లేదు," అన్నాడు విల్కిన్, చేతిలో స్పానర్ తిప్పుతూ.

"నువ్వూ అంతే," అంది యోకాస్తా. గొంతులో కోపం లేదు, రోజంతా కౌంటర్ దగ్గర నిలబడ్డ కాళ్ళలో ఉండే నొప్పి లాంటిది ఉంది. "ఎవర్ని చేసుకుంటావని అమ్మ అడిగినా నీ పేరే చెబుతా. షాపులో అడిగినా నీ పేరే. నువ్వు మాత్రం వాడిలాగే ఏటా డిసెంబరుకి వస్తానంటావు. నా పెళ్ళి ఎవరి చేతుల్లో ఉందో తెలుసా? మీసం రాని ముగ్గురు కుర్రాళ్ళ చేతుల్లో! రాజధానిలో మా షాపువాళ్ళు ఇంకో కొట్టు తెరుస్తున్నారు. నన్ను అక్కడికి వెళ్ళమంటున్నారు. చూడ్డానికే ఇవాళ వెళ్ళొచ్చా. సోమవారం జవాబు చెప్పాలి."

వాన జోరందుకుంది. రేకుల మీద చప్పుడుకి మాట వినపడటం కష్టంగా ఉంది. టోపీ అంచు కింద ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ కళ్ళు తనను ఏడిపించి నవ్విన రోజులు విల్కిన్‌కు గుర్తున్నాయి. ఈమధ్య నవ్విందెప్పుడో గుర్తు రాలేదు.

అతను స్పానర్ కింద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మీ అమ్మ ఇంట్లో ఉందా?"

"ఎందుకు?"

"నిన్ను నాకిమ్మని అడగాలి. సెప్టెంబరులో పెళ్ళి. కప్పు సంగతి కప్పుది."

యోకాస్తా అతన్ని తేరిపార చూసింది. "ఇది రేడియోవాళ్ళు చెప్పే పుకారా, సంతకాలైన బేరమా?"

"సంతకాలైనదే."

"మధ్యలో ఏ క్లబ్బూ అడ్డుపడదుగా?"

"పడితే ఆడటమే మానేస్తా."

పెదవి కొరుక్కుంది గానీ నవ్వు ఆగలేదు. "ముందు ఆ మసి కడుక్కో. అమ్మ జడుసుకుంటుంది."

"ఆగరా!" దోన్ చేలో కౌంటర్ మీద గుద్దాడు. "మరి మొక్కుబడి ఏమవుతుంది? నువ్వు పెళ్ళి చేసుకుని హాయిగా కూర్చుంటే, ఈ ఏడు జట్టు ఓడిపోతే ఎవడ్రా పూచీ? పేటకేం చెబుతావు?"

"అవును, చెప్పి కదులు," అన్నాడు తోన్యో.

విల్కిన్ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. అప్పుడతనన్న మాట, సీజన్ రాకముందే, ఆ కొట్టులో ఇంతవరకు ఎవరూ పైకి అనలేదు.

"ఓడిపోతారు, బాబాయ్. నేను పెళ్ళి చేసుకున్నా ఓడిపోతారు, చేసుకోకపోయినా ఓడిపోతారు."