నిద్ర దవాఖానలో చివరి గది

కల్వకుర్తి డ్రైవర్ల ముందు ఆ గది పేరెత్తితే తాగే చాయ్ పక్కన పెట్టేవారు. దవాఖాన మేడ మీద, నడవా కొసకు ఉంటుందది. నిద్ర పరీక్షకని అక్కడ పడుకున్నవాడి ఛాతీ మీద ఏదో ఎక్కి కూర్చుంటుందట… ఊపిరి ఆగిపోతుందట.

తెల్లారి కంప్యూటర్ కాగితం కూడా అదే చెప్పేది. బక్కవాడైనా, లావుపాటివాడైనా, ముసలివాడైనా, పడుచువాడైనా — అందరికీ ఒకటే జబ్బు! డ్రైవర్ మల్లయ్య ఆ కాగితం వల్లనే లారీ స్టీరింగు పోగొట్టుకుని మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు.

ఆ గదికి పరమేష్ వంతు వచ్చింది. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద ట్రావెల్స్ బస్సు నడిపే మనిషి. ఒక మలుపులో బస్సు పిట్టగోడకు గీసుకుంది. అడ్డం వచ్చిన దుప్పిని తప్పించబోయానని ఎంత చెప్పినా యజమాని నమ్మలేదు.

"కునుకు తీసినవ్. నిద్ర పరీక్ష కాయితం తే. మంచిగుంటెనే తాళంచెవి ఇస్త."

బయల్దేరేముందు తల్లి బక్కమ్మ కొడుకును పీట మీద కూర్చోబెట్టి మాడుకు ఆముదం మర్దన చేసింది. "నిద్ర పరీక్షంటె మంచిగ నిద్ర పట్టాలె గద బిడ్డా!" ఆ పరీక్షకు వెళ్లే ప్రతి డ్రైవరు ఇంట్లోనూ జరిగేది అదే.

వైర్లు పెట్టేవాడు శ్రవణ్‌కుమార్. తెల్లకోటు మాత్రం మడత నలగదు. పరమేష్ నెత్తి చూసి మూతి ముడిచాడు.

"ఏందన్నా, నెత్తి మీద బజ్జీలు ఏయించుకుంటవా?"

"అమ్మ పెట్టింది. నూనె వద్దని నువ్వు ఫోన్ల చెప్పలే గద."

"మీకు చెప్పినా ఒకటే, చెప్పకున్నా ఒకటే."

వాడు చెప్పలేదు. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నూనె లేకుండా తలంటుకుని రమ్మని ముందురోజే చెప్పడం వాడి పని. ఆ మాత్రానికే వాడి నోరు అరిగిపోతుంది! తలను టేపుతో కొలవాలి. చర్మాన్ని రుద్ది శుభ్రం చేసి, వైర్ల కొసలకుండే ఒక్కో బిళ్లను జిగురు ముద్దతో అతికించాలి. వాడు కొలవలేదు, రుద్దలేదు. మాడు మీద కొన్ని, కళ్ల కొసలకు రెండు, గడ్డం కింద రెండు — గోడకు పిడకలు కొట్టినట్టు కొట్టాడు. ఛాతీకి పట్టీ బిగించాడు.

"రాత్రి ఏమన్న కనవడితె లేవకు… కదిలితె పరీక్ష ఖరాబైతది," అని గుసగుసగా చెప్పి లైటు ఆర్పాడు. భయపెట్టడానికి మాత్రం వాడికి ఓపిక ఉంది.

తల్లి చేతి మర్దన పనిచేసింది. పరమేష్ మొద్దులా నిద్రపోయాడు.

ఎప్పుడో మెలకువ వచ్చింది.

గుర్రు… గుర్రు… టక్కున ఆగింది.

నిశ్శబ్దం. ఎంతకూ ఊపిరి రాదు… రాదు… తర్వాత పీక పిసికి వదిలినట్టు — హక్ మని ఒక శబ్దం.

పరమేష్ తన ఛాతీ తడుముకున్నాడు. పైన ఏదీ కూర్చోలేదు. కానీ — పట్టీ కూడా లేదు! తల తడుముకున్నాడు. ఒక్క బిళ్లా లేదు.

మంచం పక్కన పెట్టె మీద పచ్చ లైటు మినుకుమంటోంది. దానిలోంచి వైర్లు జడలా కలిసి, నేల మీదుగా, మూలనున్న పరదా కిందికి పోయాయి.

పరదా అవతల… గుర్రు… మళ్లీ ఆగింది.

పారిపోదామని తలుపు దాకా వెళ్లాడు. పారిపోతే కాగితం లేదు. కాగితం లేకపోతే బస్సు లేదు. బస్తా కింద వంగిన మల్లయ్య వీపు కళ్లలో మెదిలింది. వెనక్కి తిరిగాడు. వైర్ల వెంట మెల్లగా నడిచి… పరదా లాగాడు.

మాడు నిండా బిళ్లలు. కళ్ల కొసలకు బిళ్లలు. తెరుచుకున్న నోరు. ఊపిరి లేదు…

శ్రవణ్‌కుమార్!

పరమేష్‌కు భయం దిగిపోయింది. దాని జాగాలో రోత పుట్టింది. నూనె తలకు బిళ్లలు నిలవవు. తల కడిగించి మళ్లీ అతికించాలంటే వీడికి ఒళ్లు బరువు. అందుకే మనిషి నిద్రపోగానే అన్నీ ఊడబెరికి తనకే తగిలించుకుని, ఇక్కడ పడుకుంటున్నాడు. ఇన్నాళ్లూ ఎందరెందరి పేర్ల మీదనో పోయిన కాగితాలన్నీ వీడొక్కడి నిద్రే. ఒళ్లొంచి పనిచేయనివాడి కంటే ఏ దెయ్యమైనా నయం.

మంచాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. శ్రవణ్‌కుమార్ హక్ మని ఊపిరి పీల్చుకుంటూ లేచాడు.

"లేరా! నీ నిద్రకు మల్లయ్య బస్తాలు మోస్తాండు."

"అన్నా… జర మెల్లగ… కింద నర్సమ్మ వింటది…"

"విననీ. నెత్తి నేనే కడుక్కుంట. టేపు వెట్టి కొలిచి, మంచిగ అతికియ్. నా పేరు మీద నా నిద్రనే పోవాలె. పొద్దుగాల డాక్టర్ ముంగట మల్లయ్య ముచ్చట నువ్వే చెప్పాలె. చెప్పకుంటె గీ వైర్లతోనే కట్టి ఈడ్చుకపోత."

నుదుటి మీది బిళ్ల పీకబోయిన శ్రవణ్‌కుమార్ చెయ్యి మధ్యలోనే ఆగింది. అన్ని కాగితాలు తన చేతులతోనే తీసి ఇచ్చాడు. వాటిలో ఉన్నది తన జబ్బేనని ఒక్కనాడూ తట్టలేదు. ఒక్కదాన్నయినా చదివితే కదా!

"అన్నా…" ఛాతీ మీది పట్టీ తడుముకున్నాడు. "నిజంగనే… నా ఊపిరి ఆగిందా?"

"ఆగింది," అన్నాడు పరమేష్. "నేను తన్నినంకనే వచ్చింది."